వసంతం మీద పాఠం: కాగితం పూలు దాటి పిల్లల చేత ఏం చేయించవచ్చు?

పలకబలపం

అందరికీ నమస్కారం. నేను మూడు, నాలుగు తరగతులకు చెబుతాను. ఏటా వసంతం రాగానే మా దగ్గర జరిగేది ఒకటే. రంగు కాగితాలు కత్తిరించి పూలు చేయించడం, గోడకు అంటించడం, ఒక పాట పాడించడం, "వసంత ఋతువు" మీద పది వాక్యాల వ్యాసం రాయించడం. పిల్లలు సంతోషంగానే చేస్తారు. కానీ కిటికీ అవతల చెట్టు నిండా చిగురు తొడిగి ఉంటే వీళ్లు తల వంచుకుని కాగితం కత్తిరిస్తూ ఉంటారు. చూస్తుంటే నాకు మనసొప్పడం లేదు.

ఈసారి నాలుగు వారాలు, వారానికి రెండు పీరియడ్లు దొరుకుతాయి. తరగతిలో ముప్పై మందికి పైనే ఉన్నారు. పెద్దగా ఖర్చు పెట్టే వీలు లేదు. పిల్లలు ఋతువును తమ కళ్లతో గమనించాలి, అది సైన్సుకీ లెక్కలకీ భాషకీ పనికి రావాలి. చేయించిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కొమ్మారెమ్మా

మేడమ్, ఒక్క చెట్టు ఎంచుకోండి చాలు. బడి ఆవరణలో ఉన్నదైతే మంచిది. పిల్లల్ని ఐదారుగురి చొప్పున జట్లు చేసి, ఒక్కో జట్టుకు చేతికందే ఎత్తులో ఒక్కో కొమ్మ ఇచ్చేయండి. కొమ్మకు రంగు గుడ్డ పీలిక కడితే ఎవరిది ఏదో గుర్తుంటుంది. ఇక నాలుగు వారాలూ అదే కొమ్మను చూడాలి, వేరేది కాదు.

వారానికి ఒకసారి, ఒకే రోజున, ఒకే వేళకు వెళ్లి ఆరు విషయాలు రాయించండి: మొగ్గలు, లేత చిగురు, ముదురాకులు, పండుటాకులు, విచ్చిన పూలు, పిందెలు. ప్రతిదానికీ మూడే జవాబులు: లేవు, కొన్ని, చాలా. లెక్కపెట్టమంటే చిన్నపిల్లలు విసిగిపోతారు. ఈ మూడు మాటలైతే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది, వారం వారం పోల్చడానికీ వీలుంటుంది. చెట్ల ఋతుచక్రాన్ని పెద్ద ఎత్తున నమోదు చేసే ప్రాజెక్టుల్లో కూడా ఇలాంటి పద్ధతే వాడతారు.

ఒక ఆకును దగ్గరగా చూపించండి. రావి, మామిడి లాంటి చెట్లయితే చిగురు ఆకుపచ్చగా పుట్టదు. రాగి రంగులోనో లేత గులాబీ రంగులోనో ఉంటుంది. పట్టుకుంటే మెత్తగా, తడితడిగా తగులుతుంది, కిందికి వాలి ఉంటుంది. వారం తిరిగేసరికి రంగు మారుతుంది, ఆకు గట్టిపడి లేచి నిలబడుతుంది. "ఆకు అంటే పచ్చగా ఉండాలి కదా, మరి ఇది ఎర్రగా ఎందుకుంది?" అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. అప్పుడు వెంటనే జవాబు చెప్పేయకండి. వారం పాటు ఆ ప్రశ్నను బోర్డు మీదే ఉంచండి.

జవాబు మీకోసం రాస్తున్నాను. లేత ఆకులో పత్రహరితం ఇంకా పూర్తిగా తయారు కాదు. ఆంథోసయనిన్ అనే ఎర్రటి పదార్థం ఎక్కువగా ఉంటుంది. అది లేత కణాలను తీవ్రమైన ఎండ నుంచి కాపాడుతుందని, కొన్ని పురుగులను దూరంగా ఉంచుతుందని శాస్త్రవేత్తలు చెబుతారు.

రంగులపెట్టె

కాగితం పూల మీద అంత కోపం వద్దండీ. నేను ఒకటి, రెండు తరగతులకు చెబుతాను. ఆ వయసు పిల్లల వేళ్లకు కత్తెర పట్టడం, మడత పెట్టడం, జిగురు సరిపడా రాయడం కూడా చదువే. అది తీసేస్తే వాళ్లకు నష్టం.

నేను చేసేది చెబుతాను. మొదటి రోజు ఏమీ చూపించకుండా "మందార పువ్వు గీయండి" అంటాను. దాదాపు అందరూ మధ్యలో ఒక గుండ్రం, చుట్టూ ఐదో ఆరో రేకులు గీస్తారు. కొందరు ఆ గుండ్రంలో కళ్లు, నవ్వు కూడా పెడతారు. ఆ బొమ్మలు తీసి దాచేస్తాను. మర్నాడు ఇద్దరికొకటి చొప్పున నిజం మందారలు ఇస్తాను, ఒంటి రేకుల రకం. ఒక్కొక్క భాగమే విప్పి కాగితం మీద వరుసగా పేర్చమంటాను. అడుగున పచ్చటి రక్షక పత్రాలు, తర్వాత ఐదు ఎర్రటి ఆకర్షణ పత్రాలు. మధ్యలో పొడుగాటి గొట్టం, దాని ఒంటి నిండా పసుపుపచ్చ పుప్పొడి తిత్తులు, కొనన ఐదు చిన్న ఎర్ర బొడిపెలు. ఆ బొడిపెలే పుప్పొడిని అందుకునే కీలాగ్రాలు అని చెప్పగానే ఒక్కొక్కరూ మళ్లీ మళ్లీ లెక్కపెడతారు. అడుగున అండాశయాన్ని మాత్రం టీచరే బ్లేడుతో కోసి చూపించాలి.

అంతా చూశాక మళ్లీ గీయిస్తాను. రెండు బొమ్మలూ పక్కపక్కన అంటిస్తాను. ఆ తర్వాతే కాగితం పువ్వు. అప్పుడు చేసిన పువ్వులో గొట్టం ఉంటుంది, పుప్పొడి ఉంటుంది, కొందరు ఐదు బొడిపెలు కూడా అంటిస్తారు. అదే కాగితం, అదే జిగురు. చూసి చేసింది కాబట్టి చదువుగా మారింది.

మిగిలిన ఎర్ర రేకులు పారేయకండి. వేడినీళ్లలో నానబెట్టి, ఆ రంగునీళ్లు రెండు గాజు గ్లాసుల్లో పోసి ఒకదానిలో నిమ్మరసం, ఇంకోదానిలో వంటసోడా వేయండి. నిమ్మరసం వేసినది ముదురు గులాబీ రంగులోకి, సోడా వేసినది ఆకుపచ్చ వైపుకి మారుతుంది. పెద్ద తరగతులకు ఆమ్లాలు, క్షారాల పాఠం అక్కడే మొదలుపెట్టవచ్చు.

వృత్తలేఖిని

లెక్కల మాస్టారిని. వసంతం అనగానే అందరూ పూల దగ్గరికి వెళ్తారు, కాబట్టి నేను నీడ గురించి చెబుతాను.

బయట చదునైన చోట ఒక కర్ర నిటారుగా పాతండి. కింద పెద్ద అట్ట పరవండి. ఉదయం నుంచి గంటకోసారి నీడ కొన ఎక్కడుందో చుక్క పెట్టించండి. మార్చి 20 లేదా 21న, అంటే పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే విషువత్తు రోజున, ఆ చుక్కలన్నీ దాదాపు ఒకే సరళరేఖ మీదికి వస్తాయి, ఆ రేఖ పడమర నుంచి తూర్పుకు పోతుంది. ఏడాదిలో మిగతా రోజుల్లో మామూలుగా చుక్కలు వంపు తిరుగుతాయి. అందుకని విషువత్తు రోజున ఒకసారి, మూడు వారాల తర్వాత ఇంకోసారి చేయించి రెండు అట్టలూ పక్కపక్కన పెట్టాలి. ఈ తేడా పుస్తకంలో చదివితే ఎవరికీ గుర్తుండదు. తాము పెట్టిన చుక్కలైతే మర్చిపోరు.

రెండోది పగటి పొడవు. సూర్యోదయం, సూర్యాస్తమయం వేళలు పేపర్లోనో క్యాలెండర్లోనో దొరుకుతాయి. రోజుకొకరు రాసుకొచ్చి తీసివేత చేయాలి. గంటలు, నిమిషాల తీసివేతలో పిల్లలు ఎక్కడ తడబడతారో అందరికీ తెలిసిందే, గంటల్లోంచి 60 నిమిషాలు అప్పు తెచ్చుకునే దగ్గర. ఆ అభ్యాసం రోజూ దానంతట అదే జరిగిపోతుంది. వచ్చిన జవాబును గ్రాఫు మీద చుక్కగా పెడితే గీత పైకి పోతూ ఉంటుంది. విషువత్తు రోజున సరిగ్గా 12 గంటలు రావాలి కదా అని ఎదురుచూస్తారు, కానీ కొన్ని నిమిషాలు ఎక్కువే వస్తుంది. సూర్యుడి పై అంచు కనిపించగానే సూర్యోదయం అంటాం, పూర్తిగా మునిగాకే అస్తమయం అంటాం. దానికి తోడు గాలి పొరలు వెలుగును వంచి సూర్యుణ్ణి కాస్త ముందే చూపిస్తాయి.

ఈ పగటి పొడవు అన్ని చోట్లా ఒకేలా పెరగదు. భూమధ్యరేఖ దగ్గర మార్పు దాదాపు ఉండదు. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర విషువత్తు రోజుల్లో రోజుకు ఐదు నిమిషాలకు పైగా పెరుగుతుంది. ఉత్తరాన వసంతం అంత హడావుడిగా ఎందుకొస్తుందో పై తరగతి పిల్లలకు ఇక్కడ అర్థమవుతుంది.

ఒక పొరపాటు అభిప్రాయాన్ని మాత్రం తప్పకుండా సరిచేయాలి. "భూమి సూర్యుడికి దగ్గరగా వెళ్తుంది కాబట్టి ఎండలు వస్తాయి" అని చాలామంది పిల్లలు, కొందరు పెద్దలు కూడా గట్టిగా నమ్ముతారు. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో. ఋతువులకు కారణం భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండటం. అందుకే ఇక్కడ వసంతమైతే దక్షిణార్ధగోళంలో శరత్తు. అక్కడి పిల్లలకు వసంతం సెప్టెంబరులో వస్తుంది. ఒక బంతి, ఒక టార్చ్ ఉంటే చూపించేయవచ్చు.

నిదానం

అన్నీ బాగున్నాయండీ. కానీ సంవత్సరాంత పరీక్షల టెన్షన్ కూడా సరిగ్గా ఇప్పుడే. సిలబస్ పూర్తి చేయాలి, రివిజన్ చేయించాలి. చెట్టు కిందికి తీసుకెళ్తే "చదువు మానేసి ఆడిస్తున్నారు" అని తల్లిదండ్రులు అంటారు. హెడ్మాస్టరు గారూ అడుగుతారు. దీనికి ఏమంటారు?

కొమ్మారెమ్మా

నిదానం గారూ, ఆ భయం న్యాయమైనదే. కొమ్మ చూడటానికి వారానికి పది నిమిషాలు పడుతుంది, అంతే. రాసుకొచ్చిన పట్టికను ఏ పాఠంలో వాడతారన్నది మీ చేతిలో ఉంటుంది. లెక్కల పీరియడ్లో బార్ గ్రాఫు ఎలాగూ చెప్పాలి, పుస్తకంలోని ఎవరో అమ్మిన పెన్సిళ్ల లెక్క బదులు ఈ పట్టిక పెట్టండి. "మొక్కలో భాగాలు" పాఠం ఎలాగూ రివిజన్ చేయాలి, కొమ్మ దగ్గరే చేయండి. హెడ్మాస్టరు గారికి ముందే ఒక కాగితం మీద ఏ కృత్యం ఏ పాఠానికి సరిపోతుందో రాసి ఇవ్వండి. తల్లిదండ్రులకు పిల్లల నోటుపుస్తకం చూపిస్తే చాలు. తేదీ, బొమ్మ, గ్రాఫు కనిపిస్తే ఆడిస్తున్నారని ఎవరూ అనరు.

మంచుకరిగాక

నేను చలి ఎక్కువగా ఉండే దేశంలో చిన్నపిల్లలకు చెబుతాను. ఇక్కడ వసంతం కోసం నెలల తరబడి ఎదురుచూస్తాం కాబట్టి దాన్ని కొంచెం ముందే గదిలోకి తెచ్చుకునే కృత్యం ఒకటుంది. చలికాలం చివర్లో విల్లో, ఫోర్సిథియా, చెర్రీ లాంటి చెట్ల రెమ్మలు కొన్ని కోసి, నీళ్లు పోసిన సీసాలో పెట్టి కిటికీ దగ్గర ఉంచుతాం. బయట ఇంకా మంచు ఉండగానే లోపల మొగ్గలు విచ్చుతాయి. రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చాలి.

విచ్చకముందే ఒక లావాటి మొగ్గను నేను నిలువుగా కోసి భూతద్దం కింద పెడతాను. పైన గట్టి పొలుసులు, లోపల పెట్టెలో మడతపెట్టి సర్దిన బట్టల్లా బుల్లి ఆకులు. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. వాళ్లు అనుకునేది ఏమిటంటే, చలికాలంలో చెట్టు చచ్చిపోయి వసంతంలో మళ్లీ పుడుతుందని. నిజానికి ఆ మొగ్గలు ముందటి వేసవిలోనే తయారై, చలికాలమంతా అలాగే ఉంటాయి. ఇలాంటి చెట్లలో చాలావాటికి కొన్ని వారాల చలి తగలకపోతే మొగ్గలు సరిగా విచ్చవు. అందుకే రెమ్మలు మరీ తొందరపడి కోస్తే పని జరగదు.

పలకబలపం

ఇది నాకు కొత్త సంగతి. మరి చలి అంతగా లేని ఉష్ణమండలంలో చెట్లకు వసంతం వచ్చిందని ఎలా తెలుస్తుంది? పైగా ఎండలు ముదిరి నేల ఎండిపోతున్నప్పుడు కొత్త ఆకులు వేయడం ఏమిటి? పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

కొమ్మారెమ్మా

మంచి ప్రశ్న మేడమ్. లోతైన వేర్లున్న చెట్లకు అడుగున ఇంకా తేమ అందుతూ ఉంటుంది. పాత ఆకులు రాల్చేయడం వల్ల నీళ్లు ఆవిరైపోవడం తగ్గి, కాండంలో తేమ కాస్త కూడుకుంటుంది. చాలా చెట్లకు పగటి పొడవు పెరగడమే సూచనగా పనిచేస్తుందని వృక్ష శాస్త్రజ్ఞులు చెబుతారు, అందుకే వానతో సంబంధం లేకుండా దాదాపు అదే సమయానికి చిగురిస్తాయి. వాన పడే నాటికి ఆకులు ముదిరి పనికి సిద్ధంగా ఉంటాయి. పైగా ఎండాకాలంలో ఆకులు తినే పురుగులు తక్కువ.

మోదుగ, బూరుగ లాంటివైతే ఆకులన్నీ రాల్చేసి మోడు మీదే పూస్తాయి. ఆకులు అడ్డం లేకపోతే పక్షులకు పూలు దూరం నుంచే కనిపిస్తాయి కదా. పిల్లల్ని అక్కడ నిలబెట్టి ఏ పక్షి వచ్చింది, ఏ పువ్వు మీద వాలింది, ముక్కు ఎక్కడ పెట్టింది అని చూడమనండి. పరాగసంపర్కం గురించి విడిగా చెప్పాల్సిన పని ఉండదు.

మొలక

విత్తనాల గురించి ఎవరూ అనలేదు. అందరూ చేయించేదే అయినా ఒక చిన్న మార్పుతో చాలా బాగుంటుంది. చిక్కుడు గింజలు రాత్రంతా నానబెట్టి, గాజు గ్లాసు లోపలి గోడకు తడి గుడ్డ చుట్టి, గుడ్డకూ గాజుకూ మధ్య గింజలు దూర్చండి. అప్పుడు వేరు, మొలక రెండూ బయటికి కనిపిస్తాయి. ఇలాంటివి నాలుగు గ్లాసులు చేయండి. ఒకటి వెలుతురులో, ఒకటి చీకటి బీరువాలో, ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి నానబెట్టని గింజలతో పొడి గుడ్డలో.

మొదలుపెట్టే ముందు ఏ గ్లాసులో మొలకెత్తుతుందో చేతులెత్తి ఓటు వేయమనండి. చీకట్లో మొలకెత్తదనే ఎక్కువమంది అంటారు. తీరా చూస్తే చీకటి గ్లాసులో మొలక వెలుతురులో దానికంటే పొడుగ్గా, పాలిపోయిన పసుపు రంగులో, సన్నటి కాడతో ఉంటుంది. మొలకెత్తడానికి చిక్కుడుకు నీరు, గాలి, తగినంత వెచ్చదనం చాలు. వెలుతురు అవసరపడేది తర్వాత, ఆకు తన తిండి తాను చేసుకునేటప్పుడు. అప్పటిదాకా బీజదళాల్లో దాచుకున్నదే తింటుంది. ఫ్రిజ్‌లో గింజ కదలకుండా ఉండటం చూశాక, విత్తడానికి వెచ్చదనం కోసం రైతు ఎందుకు ఆగుతాడో వాళ్లే చెబుతారు.

మొలక వచ్చాక వెలుతురు గ్లాసును పక్కకు పడుకోబెట్టండి. రెండు రోజుల్లో వేరు కిందికి, కాండం పైకి తిరుగుతాయి. నీళ్లు గ్లాసు అడుగున కొంచెం ఉంటే చాలు, నిండా పోస్తే గింజలు కుళ్లి వాసన వస్తాయి. బూజు పట్టినది పిల్లల చేత ముట్టించవద్దు.

చెవిపెట్టి

మా తరగతిలో చూపు లేని పాప ఒకరు ఉన్నారు. ఋతువు పాఠాలన్నీ రంగుల చుట్టూనే తిరగడం వల్ల ఆ పాప ప్రతిసారీ పక్కన ఉండిపోయేది. అందుకని ఇప్పుడు మొదటి కృత్యం చెవితోనే మొదలుపెడతాను. అందరూ చెట్టు కింద కూర్చుంటారు, ఒళ్లో అట్ట, అట్ట మధ్యలో ఒక గుర్తు. ఆ గుర్తు అంటే ఎవరి అట్టలో వాళ్లే. మూడు నిమిషాలు కళ్లు మూసుకుని, మాట్లాడకుండా వినాలి. తర్వాత ఏ శబ్దం ఏ దిక్కు నుంచి, ఎంత దూరం నుంచి వచ్చిందో గుర్తులు పెట్టాలి. ఆ పాప గుర్తులకు బదులు గింజలు జిగురుతో అంటిస్తుంది. మిగతా వాళ్లకు నాలుగు శబ్దాలు వినిపిస్తే తనకు తొమ్మిది వినిపిస్తాయి, అందరూ తన అట్ట చుట్టూ మూగుతారు.

ముదురాకునూ చిగురునూ వేళ్లతో పోల్చడం, ఆకు నలిపి వాసన చూడటం కూడా అందరి చేతా చేయిస్తాను.

కోయిల ఉంటే దాని కథ చెప్పండి. "కుహూ" అని కూసేది మగది, నల్లగా ఉంటుంది. ఆడది గోధుమ రంగు ఒంటి మీద తెల్ల మచ్చలతో ఉంటుంది. తనకంటూ గూడు కట్టుకోకుండా కాకి గూట్లో గుడ్డు పెడుతుంది. కోయిల కూత మొదటిసారి విన్న తేదీ బోర్డు మూలన రాసి పెట్టండి.

ఆస్తమా, ఎలర్జీ ఉన్న పిల్లలు ఎవరో ముందే కనుక్కోండి. మామూలుగా ఇబ్బంది పెట్టేది గాలికి ఎగిరే సన్నటి పుప్పొడి, గడ్డి లాంటి మొక్కలది. పెద్ద రంగు పూల పుప్పొడి బరువుగా, జిగటగా ఉండి పురుగుల ఒంటికి అంటుకుంటుంది. అయినా పూలు ముక్కు దగ్గర పెట్టుకోవద్దని చెప్పడం మంచిది. తేనెపట్టు ఉన్న చెట్టు వద్దు. గూళ్ల జోలికి అసలు వెళ్లనివ్వద్దు.

నోటుపుస్తకం

తెలుగు చెబుతాను. ఆ పది వాక్యాల వ్యాసం గురించి నాలుగు మాటలు. "వసంత ఋతువు చాలా అందమైనది. చెట్లు చిగురిస్తాయి. కోయిలలు కూస్తాయి." ముప్పై మందివీ ఇవే వాక్యాలు, అదే వరుస. దిద్దేవాళ్లకే బాధేస్తుంది. పిల్లల తప్పేం లేదు, మనం అడిగింది అలాంటిది.

నేను ఒక నియమం పెట్టాను: "అందం", "అందమైన", "చాలా" అనే మాటలు వాడకూడదు, ఈ రోజు నువ్వు చూసిందే రాయాలి. ఐదు వాక్యాలు చాలు. మొదటిసారి పిల్లలు పెన్ను పట్టుకుని అలాగే కూర్చుంటారు. అప్పుడు పక్కన కూర్చుని అడగాలి: ఆకు ఎంత ఉంది? నీ గోరంతా, అరచెయ్యంతా? పైకి చూస్తోందా, కిందికా? చీమ ఎక్కడికి పోతోంది? మూడో వారానికి వాక్యాలు మారిపోతాయి. "కొత్త ఆకుకు ఇంకా నిలబడటం రాలేదు, కాడ పట్టుకుని వేలాడుతోంది" అని ఒక బాబు రాశాడు. అలాంటి వాక్యం వచ్చినప్పుడు వెంటనే తరగతికి చదివి వినిపించాలి. మిగతా పిల్లలకు అది ఏ నమూనా వ్యాసం కంటే బాగా పనిచేస్తుంది.

వసంతంలో ఆకులు రాల్చే చెట్లు, వసంతంలో పూయని మొక్కలు కూడా ఉంటాయి. పిల్లలు "మా ఇంటి దగ్గర చెట్టు ఎండిపోయి ఉంది టీచర్" అంటే తప్పు అనకండి. అది కూడా రాయమనండి.

పాతరిజిస్టర్

రిటైరైన టీచర్ని. నాది ఒకటే సూచన. పిల్లలు రాసినవి ఏడాది చివర్లో చిత్తుకాగితాల్లో పడేయకండి. గట్టి అట్ట ఉన్న రిజిస్టరు ఒకటి పెట్టి ఏటా ఒక పేజీ రాయించండి: మొదటి చిగురు, మొదటి పువ్వు, మొదటి కోయిల కూత, తేదీలతో.

1736లో ఇంగ్లండులో నార్‌ఫోక్ ప్రాంతానికి చెందిన రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి ఇలాగే వసంతపు గుర్తులు రాయడం మొదలుపెట్టారు. ఆయన తర్వాత వాళ్ల కుటుంబం 1958 దాకా ఆ పని కొనసాగించింది. జపాన్‌లో క్యోటో నగరపు చెర్రీ పూల లెక్కలు ఇంకా పాతవి. రాజాస్థాన పత్రాలు, డైరీలు వెతికి కూర్చిన ఆ వివరాలు 812వ సంవత్సరం దాకా వెనక్కి పోతాయి. 2021లో పూలు నిండుగా విచ్చింది మార్చి 26న, అప్పటిదాకా ఉన్న పన్నెండు వందల ఏళ్ల లెక్కల్లో అదే అన్నిటికంటే ముందు. భూమి వేడెక్కుతోందని చెప్పడానికి శాస్త్రవేత్తలు ఇప్పుడు ఆ పాత డైరీలను చూస్తున్నారు. రాసినవాళ్లు మాత్రం పూలు ఎప్పుడు పూశాయో రాసుకున్నారు, అంతే.

ఒక జాగ్రత్త. రెండు మూడేళ్ల తేడా చూసి "వాతావరణ మార్పు" అని పిల్లలకు చెప్పేయవద్దు. ఒక ఏడు ముందు, ఒక ఏడు వెనక రావడం మామూలే. ఎక్కువ ఏళ్ల లెక్క ఎందుకు కావాలో చెప్పండి, అదే అసలు సైన్సు పాఠం.

నిదానం

రిజిస్టరు ఆలోచన నాకు నచ్చింది మాస్టారూ. పరీక్షల ముందు కూడా చేయగలిగిన పని. మా బడిలో రేపే మొదలుపెడతాను.

పలకబలపం

అందరికీ ధన్యవాదాలు. ఇన్ని వస్తాయని అనుకోలేదు. అన్నీ పెట్టుకుంటే ఏదీ సరిగా జరగదు కాబట్టి నేను ఇలా అనుకుంటున్నాను. నాలుగు వారాలూ కొమ్మలు, పగటి పొడవు గ్రాఫు. మొదటి వారం శబ్దాల అట్ట, మందార బొమ్మ. రెండో వారం చిక్కుడు గింజలు. విషువత్తు ఎప్పుడొస్తే అప్పుడు కర్ర నీడ. చివరి వారం ఐదు వాక్యాలు, రిజిస్టరు. కాగితం పూలు కూడా ఉంటాయి, కాకపోతే మందార విప్పి చూశాకే.

ఒక సందేహం మిగిలింది. కొమ్మకు పీలిక కడితే చెట్టుకు ఏమైనా హానా? సెలవుల తర్వాత కూడా అలాగే ఉంచవచ్చా?

కొమ్మారెమ్మా

తీగ, ప్లాస్టిక్ దారం వద్దు. కొమ్మ లావెక్కే కొద్దీ బెరడులోకి దిగిపోయి కోస్తాయి. పాత చీర అంచు లాంటి మెత్తటి గుడ్డ, లోపల రెండు వేళ్లు పట్టేంత వదులుగా కట్టండి. సెలవులకు ముందు పిల్లల చేతనే విప్పించేయండి. ఏ కొమ్మో మళ్లీ గుర్తుపట్టడానికి చెట్టు బొమ్మ ఒకటి గీసి, ఏ జట్టు కొమ్మ ఎక్కడుందో అందులో గుర్తు పెట్టి రిజిస్టరులో అంటించండి. వచ్చే ఏడు మూడో తరగతికి వచ్చే పిల్లలు అవే కొమ్మల దగ్గర మొదలుపెట్టవచ్చు.